నాలుగో ఆప్షన్

కాగితం బల్ల మీద ఉంది. పెన్ను దాని పక్కనే ఉంది. చాలాసేపటి నుంచి ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

2021 ఆగస్టు. బయట ముసురు. కిటికీ రెక్కలు వానకు ఉబ్బిపోయి మూతపడటం లేదు. గోడ మీద స్కూలు పెట్టిన పెద్దాయన ఫొటో, దాని మీద ఎండిపోయిన దండ. ఫ్యాన్ గాలికి కాగితం అంచు పైకి లేస్తుంటే కరస్పాండెంటు చెయ్యి ఆనించి పట్టుకున్నాడు. ఎదురుగా హెడ్మాస్టరు. ఆ పక్కన కమిటీ సభ్యులు ఇద్దరు. అటెండరు టీ గ్లాసుల ట్రేతో గుమ్మంలో ఆగిపోయాడు. లోపలికి రావాలో వద్దో అతనికి అర్థం కావడం లేదు.

"సంతకం పెడితే ఏమవుద్ది సార్?" హెడ్మాస్టరు అడిగాడు.

"మీరు గవర్నమెంటు స్కూలుకి వెళ్లిపోతారు. జీతం మామూలే."

"పిల్లలో?"

కరస్పాండెంటు టీ తెమ్మని సైగ చేశాడు. జవాబు మాత్రం చెప్పలేదు.

ఈ గది ఏ ఊళ్లోదని అడగొద్దు. గదిని మనం కట్టుకున్నాం, మనుషుల్ని మనం కూర్చోబెట్టాం. కాగితం ఒక్కటే నిజం. ఆ నెలలో 42, 50, 51 నంబర్ల జీవోలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో రెండు వేలకు పైగా ఎయిడెడ్ స్కూళ్లు, కాలేజీల యాజమాన్యాల ముందు ఒకే ప్రశ్న పడింది. ఆస్తులతో సహా సంస్థను ప్రభుత్వానికి అప్పగిస్తారా? లేక ఎయిడ్ జీతం తీసుకునే టీచర్లను మాత్రం అప్పగించి, మిగతా స్కూలును ప్రైవేటుగా నడుపుకుంటారా? మీ ఇష్టం అంది ప్రభుత్వం. ఇష్టపడకపోతే ఎయిడ్ ఆగిపోతుందట అని స్టాఫ్ రూముల్లో గుసగుసలు మొదలయ్యాయి.

ప్రభుత్వం వాదనలో బొత్తిగా పస లేదని కొట్టిపారేయలేం. ఏళ్ల తరబడి ఎయిడెడ్ పోస్టులు భర్తీ కాలేదు. రిటైరైన మాస్టారి కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. కొన్నిచోట్ల పిల్లలు పలచబడ్డారు, జీతాల బిల్లు మాత్రం ఖజానాకు వెళ్తూనే ఉంది. ఎక్కడో ఒకచోట తెంచాలనుకున్నారు. ఎవరి మెడ దగ్గర తెంచుతున్నారో ఆ ఆగస్టులో ఎవరూ చూసుకోలేదు.

ఈ ముడి ఈనాటిది కాదు. వేసింది లండన్‌లో, 1854 జులై 19న.

ఈస్టిండియా కంపెనీ మీద అజమాయిషీ చేసే బోర్డ్ ఆఫ్ కంట్రోల్ అధ్యక్షుడు చార్లెస్ వుడ్ పేరుతో చరిత్రకెక్కిన ఆ చదువుల ఉత్తరం ఓడెక్కి కలకత్తాకు, గవర్నర్ జనరల్ డల్హౌసీ బల్ల మీదకు బయల్దేరింది. ఉత్తరం సారాంశం చిన్నది. బడులన్నీ సర్కారే పెట్టలేదు. ఎవరైనా పెడితే డబ్బిస్తాం. కానీ షరతులున్నాయి. మతంతో పని లేని చదువు బాగా చెప్పాలి. స్థానికంగా బాధ్యత పడే యాజమాన్యం ఉండాలి. మా ఇన్‌స్పెక్టరు వస్తే తలుపు తీయాలి. ఎంత తక్కువైనా సరే, పిల్లల దగ్గర ఫీజు తీసుకోవాలి.

డబ్బు నాది, నడపడం నీది, లెక్క ఇద్దరిదీ. అమెరికాలో ఇప్పుడు చార్టర్ స్కూల్ అంటున్న దానికి ప్రాణం ఇదే. మన దగ్గర దాన్ని ఎయిడెడ్ అన్నాం. మిషనరీలు పెట్టిన బళ్లు, జమీందార్లు పెట్టిన కాలేజీలు, ఊరి పెద్దలు చందాలు వేసుకుని కట్టిన హైస్కూళ్లు అన్నీ ఆ గొడుగు కిందికే వచ్చాయి, అక్కడే పెరిగి పెద్దవయ్యాయి, మూడు తరాల గుమాస్తాలనూ మాస్టర్లనూ లాయర్లనూ మంత్రులనూ తయారుచేశాయి, చివరికి వాటిని పెట్టిందెవరో నడుపుతున్నదెవరో జీతమిస్తున్నదెవరో ఊళ్లో చాలామందికి గుర్తు లేనంతగా ఊరిలో కలిసిపోయాయి. ఉత్తరంలో ఒక్క షరతు మాత్రం లేదు. విడిపోయే రోజు వస్తే ఏం చేయాలి?

ఆ రోజు వచ్చింది.

కోర్టులకు పరుగులు మొదలయ్యాయి. యాజమాన్యాల లాయర్ల చేతిలో పాత ఆయుధాలున్నాయి. ఎయిడ్ ఇచ్చేటప్పుడు మైనారిటీ సంస్థ అని వివక్ష చూపకూడదంటుంది రాజ్యాంగం 30వ అధికరణం రెండో భాగం. కేరళ విద్యా బిల్లు మీద 1958లో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. డబ్బిస్తున్నాం కదా అని, సంస్థ తన హక్కునే వదులుకునేలా షరతు పెట్టడం కుదరదని. టీఎంఏ పాయ్ కేసులో 2002 అక్టోబరు 31న 11 మంది జడ్జీలు కూర్చుని అదే దారిని ఇంకాస్త వెడల్పు చేశారు. ఫైళ్లు బలంగానే కనిపించాయి.

2021 సెప్టెంబరు 27 దాకా.

ఆ సోమవారం ఢిల్లీలో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. కేసు మనది కాదు, ఉత్తరప్రదేశ్‌లోని ఒక ఇంటర్ కాలేజీది. జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్, జస్టిస్ ఎం.ఎం. సుందరేశ్ బెంచి. ఎయిడ్ పొందడం ప్రాథమిక హక్కు కాదు అంది కోర్టు. అది ప్రభుత్వ విధానం. షరతులు నచ్చకపోతే ఎయిడ్ వద్దనుకునే స్వేచ్ఛ సంస్థకు ఉంది. విధాన నిర్ణయంగా ప్రభుత్వం ఎయిడ్ ఆపేస్తే, ఆ ఒక్క కారణంతో హక్కు పోయిందని సంస్థ తలుపు తట్టలేదు.

ఆంధ్రాలో ఆ వార్త చదివిన కరస్పాండెంట్ల గొంతు తడారిపోయి ఉంటుంది. కాళ్ల కింద నేలనుకున్నది చాప అని తేలింది.

అయినా హైకోర్టులో గాలి వేరుగా వీచింది. ఎయిడ్ హక్కు కాకపోవచ్చు. అంగీకారం పేరుతో మెడ మీద కత్తి పెట్టడం వేరే సంగతి. బలవంతమేమీ లేదని ప్రభుత్వం చెప్పుకోవాల్సి వచ్చింది. ఒప్పుకోని సంస్థలకు ఎయిడ్ ఆపొద్దని కోర్టు అంది. లాయర్లు ఊపిరి పీల్చుకున్నారు. యాజమాన్యాలు క్యాలెండర్ చూసుకున్నాయి.

కోర్టులో లేనివాళ్లు అప్పుడు రోడ్డెక్కారు.

విశాఖపట్నం, జ్ఞానాపురం. రైల్వే స్టేషన్‌కు వెనకవైపు. ఇరుకు సందులు, చర్చి గంటలు, సముద్రపు ఉప్పు గాలి, రైలింజన్ల కూత. రైల్వేవాళ్లు, పోర్టు కూలీలు, చిన్న కొట్లవాళ్లు. పిల్లల్ని మిషనరీ బడికి పంపడం అక్కడ తాతల నాటి అలవాటు. అక్టోబరు నెలాఖర్లో ఆ బళ్ల గేట్ల ముందు తల్లులు చంకల్లో చంటిపిల్లలతో కూర్చున్నారు. ఏడాది సగంలో ఉంది. టీసీలు తీసుకోండి అన్న మాట ఇళ్లకు చేరింది.

"మమ్మల్నేటైనా అడిగారా?" అన్నది వాళ్ల ప్రశ్న.

చట్టంలో వెతికితే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. దొరక్కపోయినా బాగుండేది.

2009 నాటి విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ చూడండి. ఎయిడ్ తీసుకునే బడిలో స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. ఇంత మంచి నిబంధన ఇంకేం కావాలి? కానీ 2012లో సవరణ వచ్చింది. మైనారిటీ బళ్లలోనూ, మిగతా ఎయిడెడ్ బళ్లన్నిటిలోనూ ఆ కమిటీ సలహా చెప్పడం వరకే. అంతటితో ఆగలేదు. 2014 మే 6న ప్రమతి కేసులో రాజ్యాంగ ధర్మాసనం అసలా చట్టమే మైనారిటీ బళ్లకు వర్తించదంది. అంటే జ్ఞానాపురం మిషనరీ బడిలో అమ్మానాన్నలకు చట్టం ఇచ్చిన కుర్చీ కూడా లేదు. సంతకం చేసేది ఒకరు, సంతకం అడిగేది ఒకరు. పిల్లాడు చదువుకునే బెంచీ మీద ఒప్పందం, ఆ బెంచీ మీద కూర్చునేవాడికి తెలియకుండా.

అందుకే వాళ్లు కాగితం మీద కాకుండా తారు రోడ్డు మీద కూర్చున్నారు.

ఇక్కడొక్క నిమిషం సముద్రాలు దాటాలి. 1991లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం దేశంలోనే మొదటి చార్టర్ స్కూల్ చట్టం చేసింది. మరుసటేడాది సెయింట్ పాల్ నగరంలో సిటీ అకాడమీ తలుపులు తెరిచింది. అక్కడ మాటలతో పని కాదు, ఒప్పందం రాతలోనే ఉండాలి. అనుమతిచ్చే సంస్థ ఎవరు, పిల్లలు ఏం నేర్చుకోవాలి, లెక్కలు ఎవరు తనిఖీ చేస్తారు, గడువు ఎన్నేళ్లు? గడువు అయ్యాక ఫలితాలు చూసి పొడిగించాలి, లేకపోతే ముగించాలి. ఆ చట్టం అడిగేవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది కాగితం అడుగున ఉంటుంది. బడి మూతపడితే క్రమపద్ధతిలో ఎలా మూస్తారో ముందే రాసుకోవాలి. పెళ్లి చీటీలోనే విడాకుల షరతు రాసినట్టు వినడానికి అపశకునంగా ఉంటుంది. పిల్లాడి వైపు నుంచి చూస్తే అంతకంటే శుభశకునం లేదు.

అక్కడ గొడవల్లేవని కాదు. సెయింట్ ఇసిడోర్ అనే క్యాథలిక్ ఆన్‌లైన్ బడికి 2023లో ఓక్లహోమా బోర్డు 3-2 ఓట్లతో చార్టర్ ఇచ్చింది. సొంత రాష్ట్ర అటార్నీ జనరలే కోర్టుకెళ్లాడు. సర్కారు డబ్బుతో మత ప్రబోధం చేసే పబ్లిక్ స్కూలా అన్నాడు. 2024 జూన్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ ఒప్పందాన్ని రద్దు చేయమంది. 2025 మే 22న అమెరికా సుప్రీంకోర్టు 4-4గా చీలింది, కింది తీర్పే నిలిచింది. జ్ఞానాపురం తల్లికి ఈ కథ చెబితే వింతగా చూస్తుంది. చర్చి బడికి సర్కారు జీతం ఆమెకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మామూలే.

తిరిగి ఆంధ్రాకు. తేదీ 2021 నవంబరు 8. సోమవారం.

అనంతపురం. శ్రీ సాయిబాబా నేషనల్ కాలేజీ. ఊళ్లో అందరి నోటా ఎస్‌ఎస్‌బీఎన్. ఉదయం నుంచే గేటు దగ్గర గుంపు కట్టారు. భుజాన బ్యాగులు, చేతుల్లో అట్టముక్కల మీద స్కెచ్ పెన్ను రాతలు. ఎయిడ్ పోతే ఫీజులు పెరుగుతాయి, మాకు ఎయిడెడ్ కాలేజీయే కావాలి. కదిరి నుంచి, ధర్మవరం నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి బస్ పాస్ మీద వచ్చి చదువుకునే పిల్లలకు వెయ్యి రూపాయల తేడా అంటే చదువుకూ పొలానికీ మధ్య తేడా. నినాదాలు పెరిగాయి. పోలీసు జీపులు వచ్చాయి.

తోపులాట. అరుపులు. లాఠీలు గాల్లోకి లేచాయి, పిల్లలు చెల్లాచెదురయ్యారు, చెప్పులు రాలిపోయాయి, సెల్‌ఫోన్లు పైకి లేచి వణుకుతున్న చేతుల్లోనే వీడియో తీస్తూ పోయాయి, ఆ వీడియోలో తలకు గాయమై రక్తమోడుతున్న ఒక అమ్మాయి కనిపించింది, మధ్యాహ్నానికి ఆ దృశ్యం రాష్ట్రంలో ప్రతి ఫోనులోకీ వెళ్లిపోయింది. లాఠీ దెబ్బ అన్నారు విద్యార్థులు. గుంపులోంచి వచ్చిన రాయి అన్నారు పోలీసులు. సాయంత్రం టీవీ చర్చలన్నీ ఆ ఒక్క ప్రశ్న చుట్టే తిరిగాయి. ఆగస్టులో బల్ల మీద పెట్టిన కాగితం సంగతి ఎవరూ ఎత్తలేదు.

అమరావతిలో మాత్రం ఎవరో ఎత్తారు.

నాలుగు రోజులు గడిచాయి. నవంబరు 12న ప్రభుత్వం నుంచి ఒక మెమో బయటికొచ్చింది. ఈసారి అందులో నాలుగు ఆప్షన్లు. ఆస్తులతో సహా అప్పగించవచ్చు. టీచర్లను మాత్రం అప్పగించి ప్రైవేటుగా నడుపుకోవచ్చు. ఎప్పటిలా ఎయిడెడ్‌గా కొనసాగవచ్చు. ఇక నాలుగోది, అంగీకారం ఇచ్చేసినవాళ్లు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు.

మొదటి రోజే రాయాల్సిన వాక్యం ఇది. మూడు నెలలు ఆలస్యంగా, ఒక అమ్మాయి తల పగిలాక వచ్చింది.

మన గదిలోకి మళ్లీ తొంగిచూద్దాం. వాన లేదు. కిటికీ మూసుకుంటోంది. కరస్పాండెంటు ఆగస్టులో సంతకం పెట్టేశాడు. ఇప్పుడు తెల్లకాగితం తీసి, తన పాత సంతకాన్ని తానే రద్దు చేసుకునే ఉత్తరం రాస్తున్నాడు. హెడ్మాస్టరు కుర్చీ ఖాళీ. నిజంగానే అప్పటికి కొందరు టీచర్లు ప్రభుత్వ సంస్థల్లో కొత్త పోస్టింగుల్లో చేరిపోయారు. మెమో ఉత్తరాన్ని వెనక్కి తెస్తుంది. లెక్కల మాస్టారిని తెస్తుందా?

ఇలాంటి కాగితమే ఇంకో రాష్ట్రంలోనూ తిరిగింది. పశ్చిమ బెంగాల్‌లోని సంత్రాగాఛి, 2022 ఫిబ్రవరి. ఈ గది కూడా మనం కట్టుకున్నదే.

హౌరా దగ్గరి రైల్వే కాలనీలో ఒక క్వార్టరు. కోనా ఎక్స్‌ప్రెస్‌వే మీద లారీల రొద సన్నగా వినిపిస్తోంది. స్టేషన్ పక్క చెరువులో చలికాలం చుట్టాలు, ఈలవేసే బాతులు, ఇంకా తిరిగి వెళ్లలేదు. సాయంత్రమైతే లేచి గుంపుగా ఒక చుట్టు చుట్టి మళ్లీ గుర్రపుడెక్క మీద వాలుతాయి. డ్యూటీ దిగొచ్చిన ట్రాక్‌మ్యాన్ అరుగు మీద కూర్చుని మట్టికప్పులో టీ తాగుతున్నాడు. సొంతూరు శ్రీకాకుళం వైపు. చెల్లెల్ని ఇచ్చింది జ్ఞానాపురంలో. మేనకోడలు చదివేది ఆ మిషనరీ బడి గేటు లోపలే. అక్టోబరులో చెల్లెలు రోడ్డు మీద కూర్చున్న ఫొటో ఇంకా అతని ఫోనులో ఉంది.

ఆ ఫోనులోకే ఇప్పుడు బెంగాలీలో, హిందీలో మెసేజీలు వచ్చిపడుతున్నాయి. పశ్చిమ బెంగాల్ పాఠశాల విద్యాశాఖ ముసాయిదా అట. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో బళ్లు. భూమి, కట్టడం ప్రభుత్వానివి. నడిపేది ప్రైవేటు భాగస్వామి. టీచర్లను పెట్టుకునేది, ఏ బోర్డో ఏ మీడియమో నిర్ణయించేది ఆ భాగస్వామే అని పత్రికలు రాశాయి. కోల్‌కతాలో విద్యార్థి సంఘాలు వీధిలోకొచ్చాయి. అలాంటి నిర్ణయమేదీ తీసుకోలేదని విద్యామంత్రి బ్రాత్య బసు అన్నారు. మంత్రి కాదన్నాక భయపడాల్సిందేముంది?

ట్రాక్‌మ్యాన్‌కు నమ్మకం కుదరలేదు. ఏ మీడియమో వాళ్లే నిర్ణయిస్తారన్న ముక్క దగ్గర అతని వేలు ఆగిపోయింది. 2020 డిసెంబరులో తెలుగును అధికార భాషల్లో చేర్చాలని బెంగాల్ కేబినెట్ నిర్ణయించినప్పుడు కాలనీ తెలుగువాళ్లు మిఠాయిలు పంచుకుని ఉంటారు. తెలుగు మాట్లాడే చిన్న గుంపుకు బడి అంటే భాష కూడా. ఇంకొకరి చేతికి తాళం వెళ్తే ఆ భాష సంగతేంటి? రాజ్యాంగం ఎక్కడో జవాబు చెప్పే ఉంటుంది. 30వ అధికరణంలో మతంతో పాటు భాషా మైనారిటీలూ ఉన్నారు. సొంతంగా బడి పెట్టుకునే హక్కుంది వాళ్లకు. ప్రభుత్వ బడినే ఇంకొకరికి అప్పగిస్తే అక్కరకొచ్చే హక్కు కాదది.

చెల్లెలికి ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, మీకాడ కూడానా?" అంది ఆమె, సంగతంతా విన్నాక.

"అవలేదు. కాగితం తిరుగుతోందంతే. మంత్రి లేదంటన్నాడు."

"మాకాడా ఇష్టమైతేనే అన్నారు." కాసేపు ఆగింది. వెనక కుక్కర్ కూత. "ఆ కాగితంలో బడి మూసేత్తే పిల్లలెక్కడికెళ్లాలో ఉందా?"

అతను మెసేజీలు పైకి, కిందికి జరిపాడు. ఫొటో తీసిన పేజీలు రెండే. మూడోది రాలేదు.

"ఆ పేజీ ఎవరూ పంపలేదే."

"పంపరు. నువ్వే అడుగు." ఆమె గొంతు తేలిగ్గానే ఉంది. "ఇక్కడ మాకు ఎల్లుండి ఫీజు కట్టమన్నారు. రసీదు మీద ఎయిడెడ్ అని ఉంటాదో, అన్‌ఎయిడెడ్ అని ఉంటాదో చూడాలి. చూసి నీకు ఫొటో తీసి పెడతాను."